లేజర్ మీటర్ రివ్యూ: సర్వీసంతా ఇళ్ళు కొలిచినవాడి మాట

ముందే చెప్పేస్తాను, కొనండి. బెంగళూరులో సొంతిల్లు ఉన్నవాళ్ళు, ఫ్లాటు కొనబోతున్నవాళ్ళు, 30×40 అడుగుల సైటులో మూడంతస్తులు వేసి బాడుగకి ఇచ్చినవాళ్ళు, అందరికీ ఒక లేజర్ డిస్టెన్స్ మీటర్, అంటే కాంతితో దూరం కొలిచే చిన్న పరికరం, పనికొస్తుంది. ఒక్కరే అంత డబ్బు పెట్టడం ఎందుకనుకుంటే నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒకటి కొనుక్కోండి, లేదా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఆఫీసులో ఒకటి పెట్టుకోండి. నేను కార్పొరేషన్‌లో ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్‌గా ఉండి, ఆస్తి పన్ను అసెస్‌మెంట్ పనిలోనే సర్వీసంతా గడిపి, అరవై నిండాక రిటైరయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ టేపుతో కొలిచాను, ఇప్పుడు లేజర్‌తో కొలుస్తున్నాను. రెండూ వాడినవాడిగా రాస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఇది నా చేతికి ఎలా వచ్చిందో రెండు మాటలు. మా ఆఫీసుల్లో ఎవరైనా రిటైరైతే మైసూరు తలపాగా పెడతారు, శాలువా కప్పుతారు, గంధం దండ వేస్తారు, పళ్ళ బుట్ట ఇస్తారు, ఆపైన అందరూ చందాలు వేసుకుని ఏదో ఒక వెండి వస్తువు తెస్తారు. నన్ను ముందుగానే అడిగారు, "సార్, మీకేం తెమ్మంటారు" అని. వెండి వద్దమ్మా, లేజర్ మీటర్ ఇప్పించండి అన్నాను. "ఇంటికెళ్ళాక కూడా కొలతలేనా సార్" అంది మా ఆఫీసులో చిత్తూరు నుంచి వచ్చి చేరిన అమ్మాయి. అవును, కొలతలే. ఒక ఇంట్లోకి అడుగుపెట్టి, నేల ఏమిటి, కప్పు ఏమిటి, ఎన్ని వాటాలు, ఏ గోడ తర్వాత కట్టింది అని చూసి, కాగితం మీద ఆ ఇంటి బొమ్మ గీసి, దాని లెక్క తేల్చడం నాకు ఇష్టమైన పని. జీతం ఆగినంత మాత్రాన ఇష్టం ఆగదు కదా.

కంపెనీ పేరు రాయడం లేదు. మూడు వేల నుంచి ఐదు వేల మధ్య దొరికే మీటర్లు దాదాపు ఒకేలా పనిచేస్తాయి, నేను చెప్పేది వాటన్నిటికీ వర్తిస్తుంది. నా దగ్గర ఉన్నది 50 మీటర్ల రేంజిది, తేడా అటూ ఇటూ 2 మిల్లీమీటర్లు, రెండు సన్న పెన్సిల్ సెల్స్ వేయాలి. సెల్‌ఫోన్ కంటే పొట్టిగా, కాస్త లావుగా ఉంటుంది, జేబులో పడుతుంది. ఒకసారి నొక్కితే ఎర్ర చుక్క ఎదుటి గోడ మీద పడుతుంది, ఇంకోసారి నొక్కితే కొలత తెర మీదికి వస్తుంది. అందులోంచి వెళ్ళిన కాంతి గోడకి తగిలి తిరిగొస్తుంది, వెళ్ళిన అలకీ తిరిగొచ్చిన అలకీ మధ్య వచ్చిన తేడాని బట్టి దూరం లెక్క కడుతుంది. చేత్తో పట్టుకునే మొదటి లేజర్ మీటర్‌ని లైకా కంపెనీ డిస్టో అనే పేరుతో 1993లో తెచ్చింది. అప్పట్లో అలాంటిది ఉందని మాలాంటివాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఇవాళ ఎస్పీ రోడ్డుకి వెళ్తే కొలిచే పనిముట్లు అమ్మే షాపులో నాలుగైదు రకాలు మీ ముందు పెడతారు, చేతిలోకి తీసుకుని నొక్కి చూసి కొనుక్కోవచ్చు.

ఇప్పుడు టేపు సంగతి. మా చేతుల్లో ఉన్నవి 30 మీటర్ల ఫైబర్ టేపులు, అంతకు ముందు గుడ్డ టేపులు. టేపుతో కొలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. రెండో కొస పట్టుకోవడానికి బిల్ కలెక్టర్ ఉంటే సరే, లేకపోతే ఆ ఇంటి పిల్లవాడినే పిలవాలి. గదిలో మంచం, బీరువా, దివాన్, కుట్టు మిషను, వాటి వెనక బియ్యం డబ్బాలు. గోడ నుంచి గోడకి టేపు సూటిగా పోదు. టేపు మధ్యలో వేలాడితే కొలత ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, పాత గుడ్డ టేపు సాగిపోయి ఉంటే తక్కువ వస్తుంది. పన్ను చదరపు అడుగు లెక్కన కట్టేటప్పుడు ఈ రెండూ చిన్న విషయాలు కావు, ఒకటి ఇంటివాళ్ళకి నష్టం, ఒకటి కార్పొరేషన్‌కి నష్టం, పైగా ఏడాది ఏడాదికీ అదే అంకె మీద పన్ను పడుతూ పోతుంది. లేజర్‌కి వేలాడటం లేదు, సాగటం లేదు. బీరువా పైన ఖాళీ ఉంటే ఆ ఎత్తులో పట్టుకుని నొక్కితే చాలు. ఒక్క మనిషి, ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు ఉంటే మూడంతస్తుల ఇల్లు ఒక పూటలో తేలిగ్గా అయిపోతుంది. నిచ్చెన ఎక్కాల్సిన పని లేకుండా కప్పు ఎత్తు నేల మీద నుంచే తెలిసిపోవడం మోకాళ్ళ నొప్పులున్న మా వయసువాళ్ళకి ఎంత సుఖమో చెప్పలేను.

దీని కంటే పెద్ద తేడా ఇంకొకటి ఉంది, అది యంత్రానికి సంబంధించింది కాదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు టేపు పట్టుకుని గేటు తీస్తే ఇంటి ఆడవాళ్ళ మొహంలో టెన్షన్ కనిపించేది. పైన బాడుగకి ఉన్నవాళ్ళని "మా తమ్ముడి కుటుంబం" అని చెప్పేవాళ్ళు, వెనక రేకుల గదికి తాళం వేసేసేవాళ్ళు. వాళ్ళ భయానికి కారణం ఉంది. 2000కి ముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందో అంచనా వేసి, దాని మీద పన్ను వేసే పద్ధతి ఉండేది, ఆ అంచనా మా చేతిలో ఉండేది. పక్కపక్క ఇళ్ళకి వేరే వేరే పన్ను పడితే ఎందుకలా అని అడిగే దారి సామాన్యుడికి తెలిసేది కాదు. 2000లో సెల్ఫ్ అసెస్‌మెంట్ వచ్చింది, 2008-09 నుంచి యూనిట్ ఏరియా వేల్యూ పద్ధతి వచ్చింది, అంటే మీ ఏరియాకి ఒక జోను, ఆ జోనుకి చదరపు అడుగుకి ఒక రేటు, మీ ఇంటి కొలత మీరే రాసి, మీ పన్ను మీరే లెక్కగట్టి కట్టడం. అప్పటి నుంచి కొలత మీది. దీన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను, మంచి మార్పు. కానీ కొలత మన చేతికి ఇచ్చారే గానీ చాలామంది ఈరోజు వరకూ కొలవలేదు. కట్టించిన మేస్త్రి చెప్పిన అంకో, ప్లానులో ఉన్న అంకో, నాన్నగారి కాలం నాటి రసీదులో ఉన్న అంకో చూసి రాసేస్తున్నారు. ఇల్లు అప్పటికీ ఇప్పటికీ మారింది, అంకె మారలేదు. తక్కువ రాసి, తనిఖీలో తేడా 5 శాతం దాటి తేలితే పెనాల్టీ, వడ్డీ. ఎక్కువ రాస్తే ఎవరూ వచ్చి "మీరు ఎక్కువ కడుతున్నారండీ" అని చెప్పరు. రెండో రకం వాళ్ళు చాలామందే ఉంటారు, పెద్దవాళ్ళు, ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు, ఎవరినీ అడగలేక కట్టేస్తూ ఉంటారు. ఈ మీటర్ వాళ్ళకి ముఖ్యంగా అక్కరకొస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. ఇంట్లో మీరుండే భాగం చదరపు అడుగులు, బాడుగకి ఇచ్చిన భాగం చదరపు అడుగులు, కప్పు ఉన్న పార్కింగ్ చదరపు అడుగులు, ఈ మూడింటికీ వేరే వేరే రేట్లు. ఒక్కోదాన్ని దాని రేటుతో గుణించి, ఏడాదికి 10 నెలలే లెక్కపెట్టి, మొత్తం కూడాలి. కట్టడం వయసుని బట్టి తరుగు తీసేయాలి. మిగిలినదాని మీద 20 శాతం పన్ను, ఆ పన్ను మీద సెస్సు, దాన్ని 24 శాతం అనుకుందాం. చదరపు అడుగు రేటు 5 రూపాయలు అనుకుందాం. 100 చదరపు అడుగులు తేడా వస్తే 100 ఇంటూ 5 ఇంటూ 10, ఐదు వేలు. దాని మీద 20 శాతం అంటే వెయ్యి, సెస్సు 240. తరుగు తీయక ముందు ఏడాదికి 1,240 రూపాయలు. అది ఒక్క ఏడాది సంగతి, పదేళ్ళు అదే అంకె పోతే మీరే చూసుకోండి. బాడుగ భాగం రేటు సొంతంగా ఉండే భాగం రేటు కంటే ఎక్కువ కాబట్టి ఏ వాటా ఎంతో విడివిడిగా కొలిచి పెట్టుకోవడం ముఖ్యం, మొత్తం ఇల్లు ఒకే అంకెగా రాసుకుంటే ఉపయోగం లేదు. కప్పు, నేల కూడా లెక్కలోకి వస్తాయి. ఆర్‌సీసీ (కాంక్రీటు శ్లాబు) లేదా మద్రాస్ టెర్రస్ (చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి వేసిన మిద్దె) ఇంటికి ఒక రేటు, సిమెంటు నేలో రెడ్ ఆక్సైడ్ నేలో అయితే కాస్త తక్కువ, పెంకుటిల్లు, రేకులిల్లు ఇంకా తక్కువ. చిక్‌పేట, బసవనగుడి వైపు పాత ఇళ్ళలో ముందు భాగం మద్రాస్ టెర్రస్, వెనక వంటిల్లు మంగళూరు పెంకు, మేడ మీద కొత్తగా వేసిన ఆర్‌సీసీ గది, మూడూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. అలాంటి ఇళ్ళని ఓపిగ్గా ముక్కలు ముక్కలుగా కొలవాలి. అలాంటి ఇంట్లో ఈ మీటర్ చేతిలో ఉంటే పని మీద ఉత్సాహం వస్తుంది.

ఇక లోపాలు, జాగ్రత్తలు. ఇవి డబ్బా మీద రాయరు, మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటాయి, అదీ ఇంగ్లీషులోనే.

అన్నిటికంటే పెద్దది, మీటర్ ముందు కొస నుంచి కొలుస్తోందా, వెనక కొస నుంచి కొలుస్తోందా అనేది. దానికొక బటన్ ఉంటుంది, తెర మీద మూలన చిన్న బొమ్మ కనిపిస్తుంది. మీటర్ వీపుని గోడకి ఆనించి కొలిచేటప్పుడు వెనక కొస లెక్క ఉండాలి. అది ముందుకి మారిపోయి ఉంటే మీటర్ పొడవు, దాదాపు 10 సెంటీమీటర్లు, ప్రతి కొలతలోనూ తగ్గిపోతుంది. 10×12 అడుగుల గదిలో రెండు వైపులా అలా తగ్గితే ఏడు చదరపు అడుగులు పోయినట్టే, ఇల్లంతా కలిపితే ఒక చిన్న గది మాయం. మా వీధిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు తన ఇల్లు కొలిచి తెచ్చిన కాగితంలో ప్రతి గదీ సమానంగా తగ్గి ఉంటే చూడగానే అర్థమైంది. మొదలుపెట్టే ముందు ఒక స్టీలు టేపుతో ఒక గోడ కొలిచి, అదే గోడ లేజర్‌తో కొలిచి, రెండూ కలిశాయా చూసుకోండి. ప్రతిసారీ.

రెండోది ఎండ. ఇంట్లో 50 మీటర్లు అన్నది నిజమే గానీ బయట మధ్యాహ్నం ఎండలో కాంపౌండు కొలవబోతే కొంచెం దూరం పోయాక ఎర్ర చుక్క కంటికి కనపడదు. చుక్క ఎక్కడ పడిందో తెలియకుండా తీసిన కొలతని నమ్మకూడదు. తెల్ల అట్టముక్క ఒకటి అవతలి కొసన నిలబెట్టండి, లేదా పొద్దున్నే, సాయంత్రం పూట కొలవండి. ఆకుపచ్చ లేజర్ ఉన్న మీటర్లు కొంచెం మెరుగ్గా కనిపిస్తాయి, వాటి ధర ఎక్కువ. బయటి కొలతలు ఎక్కువగా చేసేవాళ్ళు తప్ప దానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

గాజు తలుపుల మీద చుక్క వేయకండి, కాంతి దాటిపోయి అవతలి గోడ దూరం చూపిస్తుంది. తళతళలాడే గ్రానైట్ మీద, నల్లటి పాలిష్ మీద కూడా ఒక్కోసారి ఎర్రర్ వస్తుంది. అక్కడ కూడా అదే అట్టముక్క. మీటర్ కాస్త ఏటవాలుగా పట్టుకుంటే కొలత పెరుగుతుంది కాబట్టి మినిమమ్ అనే మోడ్ పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పితే అతి తక్కువ దూరాన్ని పట్టుకుంటుంది, గోడకి సూటిగా ఉన్న కొలత అదే. పైథాగరస్ మోడ్‌తో ఎక్కలేని ఎత్తులు తెలుస్తాయి, కానీ అందులో తేడా ఎక్కువ, అంచనా వరకే వాడండి. మరీ దగ్గర కొలతలకి, ముఖ్యంగా గోడ మందానికి, ఇది పనికిరాదు. తలుపు చట్రం దగ్గర స్టీలు టేపు పెట్టి చూసుకోవాల్సిందే. అందుకే టేపుని పారేయమని నేను చెప్పను.

అడుగుల్లో పెట్టుకున్నప్పుడు ఇంకో చిక్కు. తెర మీద 10.6 అని కనిపిస్తే అది పది అడుగుల ఆరంగుళాలు కాదు, పది అడుగుల ఏడంగుళాలకి పైన. పది అడుగుల ఆరంగుళాలంటే 10.5. అడుగులు, అంగుళాలు విడిగా చూపించే సెట్టింగు ఉంది గానీ గుణకారాలకి అది కుదరదు. నేను మీటర్లలో కొలిచి, చివర చదరపు మీటర్లని 10.764తో గుణిస్తాను. 30×40 సైటు 1,200 చదరపు అడుగులు, అంటే 111.48 చదరపు మీటర్లు. ఈ అంకె గుర్తుపెట్టుకుంటే ఏ కాగితంలో ఏ లెక్కలో ఉన్నా వెంటనే పోల్చుకోవచ్చు.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఇవి క్లాస్ 2 లేజర్లు, శక్తి ఒక మిల్లీవాటు కంటే తక్కువే, అయినా పిల్లల మొహాల మీద వేసి ఆడనివ్వకండి. తెర మీద అంకెలు నాలాంటి కళ్ళద్దాలవాళ్ళకి చిన్నవిగా అనిపిస్తాయి, కొనేటప్పుడు తెర వెలుగు ఉన్నదా లేదా చూసుకోండి. వాడనప్పుడు సెల్స్ తీసి పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం, ఏం కొలవాలి అన్నది. మీటర్ దూరం చెబుతుంది, దేన్ని లెక్కలో కలపాలో మీరే తెలుసుకోవాలి. గదులన్నీ లోపల కొలిచి కూడితే గోడలు మిగిలిపోతాయి. పన్నుకి కావలసింది బిల్టప్ ఏరియా, గోడల మందంతో సహా. ఇది ఎంత తేడా అంటే, బయట 20×30 అడుగులున్న ఇల్లు 600 చదరపు అడుగులు. చుట్టూ 9 అంగుళాల గోడ ఉంటే లోపల 18.5×28.5, అంటే 527 చదరపు అడుగులు మాత్రమే. బయటి గోడలకే 72 చదరపు అడుగులకు పైగా పోయింది, లోపలి గోడలు ఇంకా లెక్కే పెట్టలేదు. వీలుంటే ఇల్లు బయటి నుంచి కొలవడమే మంచిది. కానీ మన రామమూర్తి నగర్, హొరమావు, కేఆర్ పురం లాంటి చోట్ల ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి దూరని సందు, బయటి నుంచి కొలిచే దారి లేదు. అలాంటప్పుడు లోపల కొలిచి, ప్రతి గోడ మందం విడిగా రాసుకుని కూడాలి. పాత ఇళ్ళలో బయటి గోడ 9 అంగుళాల ఇటుక, లోపలి గోడ నాలుగున్నర. కొత్త ఇళ్ళలో కాంక్రీటు బ్లాకులు, ఆరో ఎనిమిదో అంగుళాలు, లోపల నాలుగు. బాల్కనీ, పోర్టికో, కప్పున్న యుటిలిటీ (గిన్నెలు, బట్టలు ఉతికే చోటు) మర్చిపోకండి.

వంకర సైట్ల గురించి నేను ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ లేజర్ మీటర్ తన విలువేంటో చూపిస్తుంది. 2007లో ఏడు నగరసభలు, ఒక పురసభ, 110 ఊళ్ళు కలిపి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) చేసినప్పుడు, అంతకు ముందు పంచాయతీలో ఉన్న ఊరి ఇళ్ళు వేలకు వేలు నగరంలోకి వచ్చాయి. ఊరి ఇల్లు పంచుకుని పంచుకుని కట్టింది, నాలుగు మూలలూ నాలుగు దిక్కులకి పోతాయి. అలాంటి సైటుకి చాలామంది చేసేది, ఎదురెదురు వైపుల సగటు తీసి గుణించడం. ఆ పద్ధతి సైటుని ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుంది, ఎప్పుడూ తక్కువ చూపించదు. ఉదాహరణకి వరసగా 30, 40, 28, 41 అడుగుల వైపులున్న సైటు. సగటు తీస్తే 29 ఇంటూ 40.5, అంటే 1,174.5 చదరపు అడుగులు. అదే సైటులో ఒక మూల నుంచి ఎదుటి మూలకి 45 అడుగులు ఉంటే, దాన్ని రెండు త్రికోణాలు చేసి లెక్క కడితే 1,151.5 వస్తుంది. 23 చదరపు అడుగుల తేడా. కొనేవాళ్ళకి బెంగళూరులో 23 చదరపు అడుగుల స్థలం విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. టేపుతో మూల నుంచి మూలకి కొలవడం చెట్లూ, బావీ, మోటారు షెడ్డూ అడ్డొచ్చి కుదిరేది కాదు, లేజర్ అయితే ఆ మూడింటి మధ్య సందు దొరికితే చాలు. త్రికోణం లెక్క చేసి పెట్టే మోడ్ కొన్ని మీటర్లలో ఉంటుంది, లేకపోయినా సెల్‌ఫోన్‌లో క్షణం పని.

అయితే ఒకటి, సరిహద్దు తగాదాకి ఈ మీటర్ తీసుకుని పక్కింటాయన ముందు నిలబడకండి. గోడ ఎవరిది, హద్దు ఎక్కడ అనేది లైసెన్స్‌డ్ సర్వేయర్ తేల్చాల్సిన పని. మీ కొలత మీకు తెలియడానికే, సాక్ష్యానికి కాదు.

ఫ్లాట్లవాళ్ళకి దీని ఉపయోగం పన్ను కంటే ముందే మొదలవుతుంది, కొనేటప్పుడే. మన తెలుగు పిల్లలు మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఫ్లాట్లు కొంటున్నారు, బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న సూపర్ బిల్టప్ అంకె చూసి మనసు పడతారు. నెల్లూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయి నన్ను పిలిచాడు, "అంకుల్, ఒకసారి చూసి పెట్టండి, 1,245 అన్నారు" అని. ఇద్దరం ప్రతి గదీ కొలిచాం. గదుల కొలతలన్నీ కూడితే తొమ్మిది వందలు దాటలేదు. అతను నిలబడిపోయాడు. నేను చెప్పాను, బాబూ, ఇందులో మోసం ఉందని వెంటనే అనుకోకు, మెట్లు, లిఫ్టు, కారిడార్లు, క్లబ్ హౌసు అన్నీ పంచి ఆ అంకెలో కలిపారు, కానీ నువ్వు చూడాల్సింది అగ్రిమెంట్‌లో ఉన్న కార్పెట్ ఏరియా. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే లోపల వాడుకునే నేల, లోపలి అడ్డగోడలు అందులో కలుస్తాయి, బయటి గోడలు, పైపులు పోయే షాఫ్టులు, మీ ఒక్కరికే ఉన్న బాల్కనీ, ఓపెన్ టెర్రస్ కలవవు. ఆ నిర్వచనం పట్టుకుని కొలిచి, అగ్రిమెంట్‌తో పోల్చి చూస్తే తేడా ఉందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. అతని విషయంలో అగ్రిమెంట్ అంకె సరిగ్గానే ఉంది. అతను నిశ్చింతగా కొన్నాడు, తను ఏం కొంటున్నాడో తెలిసి కొన్నాడు. అలా తెలిసి కొనడం వేరు. ఫర్నిచరు చేరక ముందు, తాళాలు చేతికిచ్చే రోజే ఈ పని చేయండి, ఖాళీ గదిలో ఫ్లాటు మొత్తం అరగంటలో అయిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది ఇప్పుడే కొలుచుకోవడానికి. 2024 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్‌కి ఈ-ఖాతా (కార్పొరేషన్ రికార్డులో మీ ఆస్తి వివరాలుండే కంప్యూటర్ పత్రం) తప్పనిసరి అయ్యింది, 2025 సెప్టెంబర్‌లో బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కాగితాల్లో ఉన్నవన్నీ కంప్యూటర్లలోకి మారుతున్నాయి, పాత అంకెలు అలాగే ఎక్కుతాయి. మీ ఖాతా ఎక్స్‌ట్రాక్ట్, సేల్ డీడ్, పన్ను రసీదు, మీరు కొలిచిన కాగితం, నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సైటు కొలత ఒకచోట ఒకలా, ఇంకోచోట ఒకలా ఉంటే ఇప్పుడే తెలియాలి, పిల్ల పెళ్ళికో ఆసుపత్రి ఖర్చుకో అమ్మకానికి పెట్టిన రోజు కాదు. ఆ తొందరలో కాగితాలు సరిచేయించుకోవడానికి పరిగెత్తేవాళ్ళని సర్వీసంతా కౌంటర్ అవతల నిలబడి ఉండగా చూశాను, వాళ్ళ ఆందోళన నాకు బాగా తెలుసు. రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చేవాళ్ళకి మొదట చెప్పేది ఇదే, అమ్మే ఆలోచన లేనప్పుడు కాగితాలు చూసుకోండి అని.

ఎవరికి అవసరం లేదో కూడా చెప్తాను. బాడుగకి ఉండేవాళ్ళకి ఇది అక్కర్లేదు. ఒకే ఒక్క గదికి కర్టెన్ కొలతకైతే స్టీలు టేపు చాలు. బ్లూటూత్, కెమెరా, యాప్ ఉన్న పెద్ద మోడళ్ళు ఇంటీరియర్ పనివాళ్ళకి, కాంట్రాక్టర్లకి. ఇంటివాళ్ళకి మామూలు మోడల్, ఒక నోటు పుస్తకం చాలు. కొలిచిన ప్రతి అంకె పక్కన ఏ గది, ఏ వైపు అని రాయండి, ఇంటి బొమ్మ చేత్తో గీయండి, తారీఖు వేయండి. పదేళ్ళ తర్వాత మీ పిల్లలకి అర్థమయ్యేలా ఉండాలి.

మా వీధిలో ఇప్పుడు చాలా ఇళ్ళకి అలాంటి కాగితం ఉంది. నన్ను పిలిచినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోను, కాఫీ తాగుతాను. ఒకప్పుడు తాళం వేసిన రేకుల గదిని ఇప్పుడు వాళ్ళే తీసి "ఇది కూడా కొలవండి అన్నా, సరిగ్గా కడతాం" అంటున్నారు. ఒకరిద్దరు తక్కువ కడుతున్నట్టు తేలింది, వాళ్ళు సరిచేసుకున్నారు. విధవగా ఒంటరిగా ఉన్న ఒక పెద్దావిడ, ఎప్పుడో పడగొట్టేసిన వెనక గదికి కూడా ఏళ్ళ తరబడి పన్ను కడుతోంది, ఆమె పన్ను ఫారం మార్పించాం. కొలతలో ఏమీ మారకపోతే ఫారం 4, కట్టడమో వాడకమో మారితే ఫారం 5, ఈ తేడా మాత్రం గుర్తుంచుకోండి.

ఏప్రిల్‌లో మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రిబేటు ఉంటుంది కాబట్టి కొలత పని మార్చిలోనే పెట్టుకోండి. ఆదివారం పొద్దున ఏడింటికి కాంపౌండుతో మొదలుపెట్టి, ఎండ ఎక్కేసరికి ఇంటి లోపలికి వచ్చేయండి. కొత్త సెల్స్ ఒక జత, తెల్ల అట్టముక్క, స్టీలు టేపు పక్కన ఉంచుకోండి. రామమూర్తి నగర్ చుట్టుపక్కల ఎవరికైనా మీటర్ కావాలంటే నాది తీసుకెళ్ళొచ్చు, సాయంత్రానికి తిరిగిస్తే చాలు.